పులివెందుల రీలు

ఆయన పోయిన సంగతి నాకు ప్రొద్దుటూరు బస్టాండులో తెలిసింది. అప్పటికే మూడు రోజులయింది. ఒకప్పుడు నాతో పనిచేసిన టీచరు ఒకాయన జమ్మలమడుగు బస్సు ఎక్కబోతూ నన్ను చూసి ఆగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, మిషనాసుపత్రి టేపు కాంపౌండరు పోయినాడు, తెలుసా అన్నాడు. నేను భుజం మీది సంచి దించి కింద పెట్టాను. నాకు ఆ మనిషి గుర్తుకు రాలేదేమోనని, "అదే సారూ, సన్నాయి సాయిబు చేత వాయింపు మాన్పించినాయప్ప" అని వివరం చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళు జమ్మలమడుగుకు మందులు కలిపిచ్చిన మనిషికి చివరికి మిగిలిన పేరు అది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో కూడా తెలుసు. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. తను పట్టిన టేపుల మీద ఆయన ఒక్కసారి కూడా తన పేరు చెప్పుకోలేదు. కచేరీ మొదలయ్యే ముందు మైకు దగ్గర నోరు పెట్టి, చీటీ చదివినట్టు, "జమ్మలమడుగు. తేరు పొద్దు. ఎండ. కరెంటు మందంగా ఉండాది" అనేవాడు. అంతే. తర్వాత సన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను జమ్మలమడుగు హైస్కూల్లో ఉద్యోగంలో చేరాను. వచ్చిన నెలకే చలిజ్వరం తగులుకుంది. ఆసుపత్రి మందుల గది కిటికీ దగ్గర వరసలో నిలబడితే లోపల ఎవరో సన్నగా రాగం తీస్తున్నారు. కిటికీ దగ్గరికి నా వంతు వచ్చేసరికి, జ్వరం మనిషిని ఊరుకోవచ్చు కదా, "తోడి కదా?" అన్నాను. ఆయన సీసా మూత తిప్పడం ఆపి నన్ను చూశాడు. బక్కపల్చటి మనిషి, గుండీలన్నీ పెట్టుకున్న తెల్లచొక్కా, అయొడిన్ మరకలతో పచ్చబడిన వేళ్ళు. చీటీలో నా పేరు చూసి, సారుగారా అని అడిగి, సీసాకు మోతాదుల గాట్లు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చాడు. "పూటకు ఒక గాటు తాగు సారూ. ఆదివారం చర్చి అయినాక ఇంటికి రా" అన్నాడు. డాక్టరు చెప్పిన మందుతో పాటు ఇది కూడా రాసి ఉన్నట్టే చెప్పాడు.

ఆదివారం వెళ్ళాను. ఆసుపత్రి కాంపౌండులోనే ఆయన ఇల్లు, రెండు గదులు. ముందు గదిలో బల్ల మీద, దుప్పటి కింద, టేపు రికార్డరు. రెండు పెద్ద చక్రాల మిషను. స్వదేశానికి వెళ్ళిపోతూ డాక్టరమ్మ దొరసాని ఇచ్చిపోయింది. దాంతో పాటు క్రైస్తవ కీర్తనలు పట్టిన మూడు రీళ్ళు కూడా ఇచ్చింది. ఆ మూడింటి మీదా ఈయన కీర్తనలు చెరిపి సన్నాయి పట్టుకున్నాడు. పాదిరిగారు రెండు ఆదివారాలు ఈయనతో మాట్లాడలేదట. మూడో ఆదివారం ఈయనే వెళ్ళి, దేవునికి పాడేవాళ్ళు శానామంది ఉండారయ్యగారూ, ఇట్ల వాయించేటోడు ఒక్కడే ఉండాడు అని చెప్పుకున్నాడట. పాదిరిగారు ఏమన్నాడో నాకు చెప్పలేదు. రీళ్ళు మాత్రం సన్నాయివిగానే ఉండిపోయాయి.

ఆ ఒక్కడు జమ్మలమడుగు వాడే. పెన్న ఒడ్డున మేకలు పెట్టుకుని బతికే ముసలి సాయిబు. దేవుడి ఉత్సవం ఎక్కడైనా, ధనవంతుల పెళ్ళి ఎక్కడైనా ఆయన మేళం ఉండాల్సిందే. రెండు సన్నాయిలు, ఒక డోలు, పక్కన ఒకే స్వరం పట్టి ఆపకుండా ఊదే ఒత్తు. తోడి రాగం మొదలుపెడితే గంట పట్టేది. అది ఏ ఊళ్ళో వాయించినా తోడే, ఏ ఊళ్ళోనూ ఒకటి కాదు. కాంపౌండరు పట్టిన మూడు రీళ్ళలోనూ ఉన్నది ఆ తోడే. ప్రొద్దుటూరు దసరాది ఒకటి, జమ్మలమడుగు తేరుది ఒకటి, పులివెందుల్లో వేరుశనక్కాయల వ్యాపారి ఇంట పగటి పెళ్ళిలో పట్టింది మూడోది. వాటిని పక్కపక్కన పెట్టి వినడమే మా ఆదివారం పని.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వచ్చిపోయేవాళ్ళే. తప్పకుండా వచ్చింది నేనూ, ప్రొద్దుటూరు జవళి అంగడి గుమాస్తా ఒకడూ. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. వాడికి ప్రొద్దుటూరు రీలు తప్ప ఇంకోటి ఆనదు. నాది పులివెందుల రీలు. ఆ ఊరికీ నాకూ ఏ సంబంధమూ లేదు. అంతకు ముందు నాలుగేళ్ళు ఫిడేలు నేర్చుకుని మానేసినవాణ్ణి, కాబట్టి సంగీతంలో నా మాటే చెల్లాలని ఒక పొగరు.

ఆయన గదిలో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మిషను తిరుగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. తొడ మీద తాళం వేసుకోవచ్చు, చప్పుడు రాకూడదు. గుమాస్తా తెచ్చుకునే వేయించిన వేరుశనగ బుడ్డలు విన్నాక తినాలి. ఏ రీలైనా రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువ పెట్టడు. "రోజుకు రెండు మోతాదులు చాలు" అనేవాడు. అన్నిటికంటే కష్టమైన కట్టుబాటు ఇంకొకటుంది. ఎవరికి ఏ రీలు ఇష్టమో వాళ్ళు ముందు దాంట్లో తప్పు చెప్పాలి. ఆ తర్వాతే పొగడాలి. గుమాస్తా ప్రతి ఆదివారం ప్రొద్దుటూరు రీల్లో పట్టేటప్పుడు కరెంటు తగ్గి, వినేటప్పుడు శృతి పైకి లేచే చోటు చెప్పేవాడు, అది సాయిబు తప్పు కాదు కాబట్టి. కాంపౌండరు ఒప్పుకునేవాడు కాదు. కరెంటాఫీసు తప్పు కాదప్పా, సన్నాయిలో తప్పు చెప్పు అని వదిలేవాడు కాదు.

టేపులో ఎక్కడ ఏముందో గుర్తుకు మందుసీసాలకు అంటించే గాట్ల కాగితాన్నే సన్నగా కత్తిరించి చుట్టల మధ్య పెట్టేవాడు. వింటున్నప్పుడు ఒక అలవాటుండేది ఆయనకు. మంచి సంగతి వచ్చేముందు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మందు కొలిచే గ్లాసును పట్టుకున్నట్టు, కంటి ఎత్తుకు లేపేవాడు. సంగతి అయిపోయేదాకా చెయ్యి అక్కడే ఉండేది. మేము గొంతులు పోయేలా వాదించుకుంటే మధ్యలోకి వచ్చేవాడు కాదు. మూడింట్లో ఏది గొప్పదో మీరే చెప్పండి అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "ఆ పొద్దుకు అది. ఇంగో పొద్దుకు ఇది." అది తప్పించుకోవడమని నేను అనుకునేవాణ్ణి.

పులివెందుల రీల్లో ఒక చోటుంది. సాయిబు మెల్లగా మెట్టు మెట్టుగా పై గాంధారం దాకా ఎక్కుతాడు. అక్కడ రెండుసార్లు ఊగి, ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఒత్తు ఒక్కటే మోగుతుంటుంది. మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో కింద, ఏమీ జరగనట్టు, మళ్ళీ మొదలుపెడతాడు. నాకు ఆ నిశ్శబ్దం కోసమే ఆదివారం వచ్చేది. గండికోట మీద అంచుకు వెళ్ళి కిందికి చూస్తే పెన్న ఎంత లోతున ఉందో ఒక్కసారిగా తెలుస్తుంది కదా, అట్లా ఉండేది. దాని మీద నేను ఎన్ని ఆదివారాలు ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. గుమాస్తా మాత్రం, ముసలాయప్పకు ఊపిరి అందలేదు, అంతే అనేవాడు. వాడి మాట నాకు కారం రాసినట్టుండేది.

చివరికి నేనే అన్నాను, సాయిబునే పిలిచి వినిపించి అడుగుదామని. మా ఇద్దరి వాదానికి తీర్పు దొరుకుతుంది కదా.

కాంపౌండరు వెంటనే వద్దన్నాడు. ఆయన దేనికీ అంత తొందరగా జవాబు చెప్పడం నేను చూడలేదు. సాయిబు ఇంతవరకూ ఈ టేపుల్లో ఒక్కటి కూడా వినలేదు, అడగనూ లేదు, నేను వినిపించనూ లేదు అన్నాడు. ఎందుకని అడిగాను.

"ఆయప్పకు తన సన్నాయి లోపల్నుంచే తెలుసు సారూ. బయట్నుంచి తెలీదు. తెలియాల్సిన పని ల్యాదు."

నాకు ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ అడిగాను. ఆ మరుసటి ఆదివారం కొంచెం కటువుగానే అన్నాను, ఒక మనిషి సొత్తు దాచిపెట్టుకుని అతనికే చూపించకపోవడం ఏం న్యాయం అని. ఆ మాట ఆయనకు తగిలింది. మందుల గదిలో ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కానివ్వని మనిషిని దొంగ అన్నట్టయింది. ఒప్పుకున్నాడు.

సాయిబు వచ్చాడు. పొడుగ్గా, ఎముకల గూడుగా, కళ్ళకు సుర్మా పెట్టుకుని ఉన్నాడు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. మిషను తిరిగింది. మొదటి స్వరాలు రాగానే మొహం వెలిగింది, ఇది నేనే కదా అని మా అందరినీ చూశాడు. కాసేపటికి ఆయన వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి, అక్కడ సన్నాయి ఉన్నట్టు. పై గాంధారం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఒకవైపు పోయాయి, టేపు ఇంకోవైపు పోయింది. వేళ్ళు ఆగిపోయాయి. మోకాలి మీద అట్లాగే ఉండిపోయాయి.

నిశ్శబ్దం వచ్చింది. ఒత్తు ఒక్కటే మోగుతోంది. నేను గుమాస్తాను గెలిచినట్టే చూశాను. సాయిబు నవ్వాడు. నోట్లో పెట్టుకునే రెల్లు పీక తడిసి పగిలిందట, తీసేసి సన్నాయికి వేలాడుతున్న ఇంకోటి తగిలించుకున్నాడట. అంతేనట.

గుమాస్తా పడీపడీ నవ్వాడు. నా మొహం ఎట్లా ఉందో తలుచుకుని నాకే నవ్వొచ్చింది. మరి మీరు ఎదురుగానే ఉన్నారు కదా, చూడలేదా అని కాంపౌండరును అడిగాను. ఆ పొద్దు ఆయప్పను చూడలేదు సారూ, మిషను ముల్లును చూస్తాంటి అన్నాడు. మేము ఇంకా నవ్వాం. ఆయన నవ్వలేదు. సాయిబు వేళ్ళనే చూస్తున్నాడు.

సాయిబు ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాడు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండు మోతాదుల కట్టుబాటు ఉందని ఆయనకు ఎవరు చెప్తారు? మూడోసారి పెట్టాడు, నాలుగోసారీ పెట్టాడు. చెప్పులు తొడుక్కుంటూ గడపలో ఆగి, మీకు నచ్చింది ఇదేనా అని సాయిబు అడిగాడు. కాంపౌండరు నోరు తెరిచేలోపలే నేను, దీనికి ముందూ వెనకా మీరు ఇంత గొప్పగా వాయించింది లేదు, ఇది మా అందరి మాట అన్నాను. అందరి మాట కాదు. నా మాట.

ఆ యేడు దసరాకు ప్రొద్దుటూర్లో సాయిబు మేళం కట్టారు. ముందు వరసలో మేమంతా ఉన్నాం. కొత్తగా తెప్పించిన రీలుతో మిషను తిరుగుతోంది. తోడి వచ్చింది. పై గాంధారం దాకా ఎక్కాడు, రెండుసార్లు ఊగాడు, ఆపాడు. పీక మార్చుకోలేదు. సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని మా వైపు చూస్తున్నాడు. ఒత్తు మోగుతోంది. గుమాస్తా భేష్ అన్నాడు, వాడితో పాటు ఇంకా నలుగురు అన్నారు. అంతకు ముందు నన్ను గండికోట అంచున నిలబెట్టిన ఆ చోట నాకు ఏమీ అనిపించలేదు. మూడు ఊపిర్లు లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టాడని మాత్రం తెలిసింది. పక్కన టక్కుమని చప్పుడయింది. కాంపౌండరు మిషను ఆపేశాడు. అదేమని సైగ చేస్తే నా చెవిలో, "ఇది మన దగ్గర ఉండాది కదా సారూ" అన్నాడు.

అప్పట్నుంచి సాయిబు వారానికోసారి ఆసుపత్రి కాంపౌండుకు రావడం మొదలుపెట్టాడు. పులివెందుల రీలు పెట్టమనేవాడు. వింటూ వేళ్ళు కదిపేవాడు, టేపుతో కలిపి, తప్పకుండా. తప్పితే ఆపి మళ్ళీ మొదట్నుంచి పెట్టించేవాడు. తన తోడిని తనే ఇంకొకరి దగ్గర నేర్చుకుంటున్నట్టుండేది. నిన్న పెళ్ళిలో ఆ గాంధారం రాలేదప్పా అని కాంపౌండరుతో బాధపడేవాడు. వచ్చింది వేరే గాంధారం మామా, అది కూడా మేలే అని ఈయన చెప్పినా వినేవాడు కాదు. ఒక రోజు నేను అక్కడే ఉండగా మిషను వైపు చెయ్యి చూపించి, "ఆడుండేటోడు నాకంటే బాగా వాయిస్తాండాడప్పా" అన్నాడు. తమాషాకు అన్లేదు. ఈర్ష్య పడి అన్నాడు.

ఆ పైవారం కాంపౌండరు తన బతుకులో మొదటి అబద్ధం ఆడాడు. మిషనులోంచి ఒక వాల్వు తీసి, దూదిలో చుట్టి, క్వినైను డబ్బాలో దాచి, మిషను పాడయింది మామా, మద్రాసు పంపాల అన్నాడు. అబద్ధం ఆడి ఆ రాత్రి ప్రార్థనలో దేవుణ్ణి ఏం అడగాలో తెలియలేదని నాతో అన్నాడు. అబద్ధం పనికొచ్చిందీ లేదు. ఆ రీలు అప్పటికి ముసలాయన చెవుల్లోనే తిరుగుతోంది. ఒక పెళ్ళిలో మధ్యలో ఆపి లేచిపోయాడు. ఇంకో ఊరి ఉత్సవానికి తాంబూలం అందుకున్నవాడే తిరిగిచ్చేశాడు. ఉగాది వచ్చేసరికి మేళం కొడుకు చేతికి ఇచ్చి, నేను మేకలు కాసుకుంటానని ఇంట్లో కూర్చున్నాడు.

ఊళ్ళో ఎవరినడిగినా టేపు మిషను వల్లే అన్నారు. కాంపౌండరు ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆదివారాలు ఆగిపోయాయి. మిషను మీద దుప్పటి ఎప్పుడూ ఉండేది. నాకు మైదుకూరు బదిలీ అయింది. వెళ్ళేముందు చెప్పిపోదామని మందుల గది కిటికీ దగ్గరికి వెళితే, వరసలో ఉన్నవాళ్ళను ఆపి బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తప్పు నాదేనండీ అన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పి, మిషను నీది కాదు కదా సారూ అన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలం సెలవుల్లో జమ్మలమడుగు వెళ్ళాను. ఆయన కొంచెం వంగాడు, జుట్టు నెరిసింది. మొహంలో మాత్రం నేను వెళ్ళిపోయిన నాటి దిగులు లేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరని నిదానించుకుని, రేపు తెల్లారి చర్చి గేటు దగ్గరికి రా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. గొంతులో పండగ రోజు పిల్లవాడి సంబరం ఉంది.

తెలతెలవారుతుండగా ఇద్దరం పెన్న ఇసకలో నడిచాం. చెప్పులు తీసి చేత పట్టుకోమన్నాడు. ఒక మట్టిగోడ దగ్గర ఆపి, కూర్చోమని సైగ చేశాడు. గోడకు అవతల మేకల దొడ్డి. మేకల వాసన, మేకల చప్పుడు. కాసేపటికి సన్నాయి మొదలయింది.

ఒత్తు లేదు, డోలు లేదు. ముసలాయన ఒక్కడే. మేకలకు వాయించుకుంటున్నాడు. తోడే. పై గాంధారం దాకా వెళ్తాడనుకున్న ప్రతిసారీ వెళ్ళలేదు. కిందే, రెండు మూడు స్వరాల మధ్యే, ఎప్పుడూ వినని దారులు పట్టి తిరిగాడు. ఎవరికీ ఏదీ చూపించాల్సిన పని లేని వాయింపు. పక్కకు చూస్తే కాంపౌండరు చెయ్యి కంటి ఎత్తున ఉంది, వేళ్ళ మధ్య గ్లాసు ఉన్నట్టే. ఆయన ఆరు నెలలుగా రోజూ వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. మిషను తేలేదు. ఎవరికీ చెప్పలేదు. నా ఒక్కడికే చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. నా మనసులో ముల్లు తీద్దామని.

నేను పాఠాలు చెప్పి చెప్పి గొంతు పెంచుకున్న మనిషిని. ఆయన చెవిలో అంటున్నాననే అనుకున్నాను.

"పులివెందుల దానికంటే ఇది మేలు."

గోడకు అవతల సన్నాయి ఆగిపోయింది. మేకలు కూడా కదల్లేదనిపించింది. కాంపౌండరు చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నా వైపు చూడలేదు. చివరికి అవతల్నుంచి గొంతు వచ్చింది.

"ఎవురది?"

నేను లేవబోయాను. ఆయన నా భుజం నొక్కిపెట్టాడు.

"నేనే మామా," అన్నాడు.

"టేపు తెచ్చినావా?"

"లేదు మామా."

"పోప్పా," అంది గొంతు. కోపంగా కూడా అనలేదు. తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

ఇసకలో వెనక్కు నడుస్తుంటే అడిగాను, అట్లా ఎందుకు చెప్పారని. చెప్పులు తొడుక్కుంటూ జవాబు చెప్పాడు. ఎవరో కొత్త గొంతు అనుకుంటే, ఊళ్ళో వాళ్ళందరూ గోడ వెనక కూర్చుని వింటున్నారనుకుంటాడట, ఇంక ఆ దొడ్లో కూడా వాయించడట. "నేనైతే ఒక్కణ్ణే కదా సారూ. ఒక్కడు రాకపోతే చాలు, ఆయప్ప మళ్ళా వాయించుకుంటాడు." ఆ మాట తనకే నచ్చజెప్పుకుంటున్నాడు. ఆ రోజునుంచి ఆయన ఆ గోడ దరిదాపుల్లోకి పోలేదు. దొడ్లో సన్నాయి మళ్ళీ మోగిందో లేదో ఆయనకు తెలియదు. మోగలేదని సాయిబు కొడుకు నాతో చెప్పాడు. నేను ఆ సంగతి కాంపౌండరుకు చెప్పలేదు. వాయించుకుంటున్నాడట అని చెప్పాను. నేనూ ఒక అబద్ధం ఆడాను.

ఆ తర్వాత ఒకసారి జమ్మలమడుగు బజారులో ఆయనతో కలిసి నడుస్తున్నాను. ఎదురుగా సాయిబు రెండు మేకలను తోలుకుంటూ వస్తున్నాడు. కాంపౌండరు ఆగి, సలాం మామా అన్నాడు. ముసలాయన తల తిప్పుకుని, మేకలను అదిలించి, వీధికి అటు పక్కకు మళ్ళి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా కాంపౌండరు అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు గోడ వెనక మాట్లాడింది నేనని చెప్పడానికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. సాయిబు పోయేలోపల చెప్పలేదు. ఇప్పుడు ఈయనా పోయాడు.